రాగి పలక మీద ప్రింటర్ గీసిన గీతలు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న వచ్చినప్పుడు నా బల్ల మీద విప్పి పెట్టిన పాత లేజర్ ప్రింటర్ చూసి, "పాడైపోయిందా తాతయ్యా?" అని అడిగారు. పాడవలేదర్రా. కాగితం బదులు రాగి పలక మీద అచ్చు వేసేలా దాన్ని మారుస్తున్నాను.

సర్క్యూట్ బోర్డు చేయడానికి తెచ్చే పలక ఫైబర్‌గ్లాస్‌ది. మందం సాధారణంగా 1.6 మిల్లీమీటర్లు. దాని మీద రాగి పొర 35 మైక్రాన్లే. కరెంటు నడవాల్సిన దారుల్లో రాగిని ఉంచి, మిగతాది ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో కరిగించేస్తాం. ఉంచాల్సిన చోటును ఏదో ఒకటి కప్పి కాపాడాలి కదా, టోనర్ చేసేది అదే. అది సిరా కాదు, మెత్తటి ప్లాస్టిక్ పొడి. వేడికి కరిగి అతుక్కున్నాక ఆ ద్రావణం దాన్నేమీ చేయలేదు.

చాలామంది నున్నటి కాగితం మీద ప్రింట్ తీసి, రాగి మీద బోర్లించి ఇస్త్రీ పెట్టెతో అదుముతారు. నేనూ ఏళ్ల తరబడి అలాగే చేశాను. కాగితం వెంట్రుకవాసి జరిగినా గీతలు అలుక్కుపోతాయి. తడిపి తీసేటప్పుడు సన్న గీతలు కాగితంతోపాటే లేచి వచ్చేస్తాయి. నేరుగా పలక మీదే అచ్చు వేస్తే ఈ బాధ ఉండదు.

ప్రింటర్‌లో కాగితం వంపులు తిరుగుతూ పోతుంది, పలక వంగదు. అందుకని ముందూ వెనకా తెరిచి తిన్నటి దారి చేశాను. కాగితాన్ని వేడిచేసే ఫ్యూజర్‌ను ఆ దారిలోంచి తప్పించాను, వైర్లు మాత్రం కలిపే ఉంచాను. అది వేడెక్కినట్టు తెలియకపోతే ప్రింటర్ పని మొదలుపెట్టదు. ఇక కాగితం నడిచే దారిలో చిన్న ప్లాస్టిక్ మీటలుంటాయి. సరైన క్షణానికి మీట కదలకపోతే పేపర్ జామ్ అని ఆగిపోతుంది. మామూలు కాగితం పంపి ఆ సమయాలు కొలిచి, అవే సంకేతాలు ఒక మైక్రోకంట్రోలర్‌తో, అంటే చిన్న కంప్యూటర్ చిప్‌తో, ఇప్పించాను.

అసలు చిక్కు విద్యుత్తుతో వచ్చింది. 1938లో, జెరాక్స్ పద్ధతిని కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ గంధకం పూసిన జింకు పలకను గుడ్డతో రుద్ది ఛార్జ్ ఎక్కించి, వెలుగు పడనిచ్చి, పొడి చల్లి మొదటి నకలు తీశాడు. వెలుగు పడిన చోట ఛార్జ్ పోతుంది, పడని చోట నిలుస్తుంది. మన ప్రింటర్‌లో తిరిగే గుండ్రటి గొట్టం, అదే డ్రమ్, దాని మీద లేజర్ చేసేదీ ఇదే. డ్రమ్‌కు అంటిన టోనర్‌ను కాగితం వెనకున్న రోలర్ వ్యతిరేక ఛార్జ్‌తో లాగుతుంది. కాగితం ఆ ఛార్జ్‌ను నిలుపుకుంటుంది. రాగి వాహకం కనుక ఏ లోహపు భాగానికి తగిలినా ఛార్జ్ అంతా జారిపోతుంది. నా మొదటి పలక దాదాపు ఖాళీగానే వచ్చింది! అంచు ఒక ఇనుప పట్టీని తాకుతోందని కనిపెట్టడానికి వారం పట్టింది. అంచులకు టేపు వేసి, రోలర్‌కు అందే వోల్టేజీనే రాగికీ అందించాక నల్లటి గీతలు కనిపించాయి. ఆ రోజు నాకెంత సంతోషమో!

అచ్చు పడిన పొడిని ముట్టుకుంటే చెరిగిపోతుంది. వంటకు వాడని ఓవెన్‌లో పెట్టి కరిగించాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ప్రింటర్ లోపల వందల వోల్టులుంటాయి, లేజర్ కిరణం కంటికి కనిపించకుండానే కన్ను పాడుచేస్తుంది. నేను పక్కన లేకుండా మూత తీయొద్దు. ద్రావణాన్ని సింకులో పోయొద్దు.

వచ్చేసారి మీ ఎల్ఈడీ దీపానికి బోర్డు గీసి తీసుకురండి. గీతలు అర మిల్లీమీటరుకు తగ్గకుండా చూడండి, మొదటిసారి అంతకన్నా సన్నం వద్దు.

ప్రేమతో,
మీ తాతయ్య