కళ్లు మూసినా కనిపించే మెరుపు గీతలు

"తలనొప్పి మొదలవడానికి అరగంట ముందు కళ్ల ముందు జిగ్‌జాగ్ గీతలు మెరుస్తాయి. చదువుతుంటే మాటల మధ్యలో అక్షరాలు మాయమవుతాయి. కంటి డాక్టరేమో కళ్లు శుభ్రంగా ఉన్నాయంటున్నారు. మరి ఆ గీతలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?" అని ఓ పాఠకురాలు అడిగారు. ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే బాగుండునని నేను చాన్నాళ్లుగా కాచుకుని ఉన్నాను.

ముందు ఓ చిన్న పరీక్ష. గీతలు వచ్చినప్పుడు ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది. మైగ్రేన్‌కి ముందొచ్చే 'ఆరా' అయితే ఏ కంటితో చూసినా ఒకే వైపున, ఒకే చోట కనిపిస్తుంది. రెండు కళ్లూ మూసినా పోదు. అంటే గొడవ కంట్లో లేదు, రెండు కళ్ల సమాచారమూ కలిసిన తర్వాత ఎక్కడో ఉంది. అలా కాక మెరుపులు ఒక్క కంట్లోనే వచ్చినా, తెర దిగుతున్నట్టు చూపు పోతున్నా కంటి లోపల వెలుతుర్ని పట్టే పొర, రెటీనా, ఊడుతుండవచ్చు. ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, యాభై దాటాక ఇలాంటివి మొదటిసారి వచ్చినా నేరుగా ఆస్పత్రికే.

మన ఇళ్లలో దీనికి వేరే వైద్యం ఉంది. గాలి సోకిందనో దిష్టి తగిలిందనో అంటారు. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తారు. చిత్రమేమిటంటే గీతలు పోతాయి! ఆరా మామూలుగా ఇరవై, ముప్ఫై నిమిషాల్లో దానంతటదే సర్దుకుంటుంది. అమ్మమ్మ మిరపకాయలు వెతికి తెచ్చేసరికే సగం టైం అయిపోతుంది, క్రెడిట్ మాత్రం మిరపకాయలకి.

బడి పాఠం కూడా ఇక్కడ పెద్దగా సాయం చెయ్యదు. కటకం, రెటీనా, పచ్చచుక్క, అంధచుక్క, తలకిందుల ప్రతిబింబం, నాలుగు మార్కుల బొమ్మ. కన్ను కెమెరా లాంటిదని చెప్పి పాఠం ముగించేస్తారు. ఆ ఫొటోని చూసేదెవరని అడిగిన పిల్లవాణ్ణి కూర్చోమంటారు. చూసే పని మొదలయ్యేది తల వెనక, మెడకి కాస్త పైన ఉండే విజువల్ కార్టెక్స్‌లో. సుమారు రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న ముడతల పొర అది. మన ఎదురుగా ఉన్న ప్రపంచం దాని మీద మ్యాపులాగా పరుచుకుని ఉంటుంది. ఎడమవైపు ప్రపంచం కుడి మెదడులో, కుడివైపుది ఎడమ మెదడులో.

ఈ మ్యాపు గురించి బాగా తెలిసింది తుపాకి గుళ్ల వల్ల. 1904-05లో రష్యా, జపాన్ యుద్ధంలో రష్యన్ సైనికులు వాడిన రైఫిల్ గుండు సన్నగా ఉండి చాలా వేగంగా వెళ్లేది. తలలో ఒకవైపు దూరి రెండో వైపు నుంచి బయటపడినా కొందరు జపాన్ సైనికులు బతికారు. వాళ్లకి పింఛను ఎంతివ్వాలో తేల్చడానికి చూపు ఎంత పోయిందో కొలిచే పని తత్సుజి ఇనోవుయే అనే జపాన్ కంటి డాక్టరుది. ఆయన గుండు దూరిన చోటునీ బయటికొచ్చిన చోటునీ కలుపుతూ సరళరేఖ గీసి, అది మెదడులో ఏ భాగాన్ని కోసుకుంటూ పోయిందో లెక్కవేశాడు. ఆ సైనికుడికి ఎదురుగా ఎక్కడ చూపు పోయిందో దాంతో జతచేశాడు. 1909లో అచ్చయిన ఆ మ్యాపులో ఒక వింత ఉంది. చూపు మధ్యలో ఉన్న చిన్న ముక్కకి కార్టెక్స్‌లో బోలెడంత చోటు. అంచులకి చాలా తక్కువ.

పెళ్లి శుభలేఖ వెనక రూట్ మ్యాప్ చూసే ఉంటారు. ఫంక్షన్ హాలు, దాని పక్క సందు, ఎదురుగా పెట్రోలు బంకు, వెనకాల గుడి కలిసి ముప్పావు కార్డు ఆక్రమిస్తాయి. హైదరాబాద్ నుంచి ఆ ఊరికి వచ్చే రెండొందల కిలోమీటర్ల హైవే మాత్రం ఓ మూల బొటనవేలంత గీత. విజువల్ కార్టెక్స్ అచ్చంగా అలాంటి మ్యాపు. మీరు సూటిగా చూస్తున్న చోటే ఫంక్షన్ హాలు.

ఇప్పుడు హాలు బొమ్మ దగ్గర ఓ చీమని వదలండి. అది కార్డు మీద ఒకే వేగంతో నడుస్తుందనుకోండి. హాలు పక్క సందు దాటడానికే దానికి బోలెడంత సేపు పడుతుంది. హైవే గీత మీదికొచ్చాక అడుగుకో జిల్లా దాటేస్తుంది. చీమ వేగం మారలేదు, స్కేలు మారింది. కార్డు మాట తెలియకుండా ఆ చీమ ఏ ఊళ్లు దాటుతోందో మాత్రమే ఫోనులో వింటున్నవాడికి, మొదట్లో దేకుతూ పోయిన చీమకి చివర్లో కారు దొరికిందేమో అనిపిస్తుంది.

ఆరా కూడా సరిగ్గా ఇలాగే నడుస్తుంది. చూపు మధ్యకి దగ్గర్లో చిన్న మెరుపుగా పుట్టి, చాలాసేపు అక్కడే తచ్చాడి, తర్వాత విల్లులా వంగి పెద్దదవుతూ అంచులవైపు పరిగెడుతుంది. 1941లో కార్ల్ లాష్లీ అనే అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త తన ఆరానే కాగితం మీద ఎక్కించుకుంటూ ఒక లెక్క వేశాడు. కార్టెక్స్ మీద ఏదో అలజడి ఒక అలలా నిమిషానికి 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతూ ఉండాలి అన్నాడు.

ఆ లెక్క మనమూ వేద్దాం. ఇక్కడ కొంచెం లెక్కలున్నాయి, ఓపిక పట్టండి. చెయ్యి చాచి చూస్తే చిటికెనవేలి వెడల్పు దాదాపు 1 డిగ్రీ. చూపు మధ్య నుంచి ఎన్ని డిగ్రీల దూరమో ఆ సంఖ్యకి 0.75 కలిపి, దాంతో 17.3ని భాగిస్తే అక్కడ ఒక్కో డిగ్రీకి ఎన్ని మిల్లీమీటర్ల కార్టెక్స్ దక్కిందో వస్తుంది. మెదడు దెబ్బతిన్నవాళ్ల స్కాన్ల నుంచి హోర్టన్, హాయ్ట్ అనే డాక్టర్లు 1991లో ఇచ్చిన సూత్రమిది. నడిమధ్యన డిగ్రీకి 23 మిల్లీమీటర్లు, 10 డిగ్రీల దగ్గర 1.6, 40 దగ్గర అర మిల్లీమీటరు కూడా లేదు. వీటన్నిటినీ వరసగా కూడితే మొదటి 1 డిగ్రీ దాటడానికి అలకి సుమారు 15 మిల్లీమీటర్ల ప్రయాణం, అంటే 5 నిమిషాలు. 10 డిగ్రీలు చేరేసరికి 46 మిల్లీమీటర్లు, 15 నిమిషాలు. అక్కణ్ణుంచి 40 డిగ్రీల దాకా మరో 8 నిమిషాలు చాలు. మొత్తం 23 నిమిషాలు. అమ్మమ్మ దిష్టి తీసిన టైముకి సరిపోయింది చూశారా!

గీతల సైజుకీ అదే కారణం. 1870లో హ్యూబర్ట్ ఏరీ అనే ఇంగ్లీషు డాక్టరు తన ఆరాని గీసిపెట్టుకున్న బొమ్మల్లో మధ్యకి దగ్గరగా ఉన్న వంకరలు సన్నగా, అంచుల్లోవి పెద్దగా ఉంటాయి. శుభలేఖ మీద ఒక సెంటీమీటరు గీత హాలు దగ్గర నాలుగిళ్లయితే హైవే మీద నాలుగు మండలాలు.

గీతలే ఎందుకు, మచ్చలు కాకుండా? దీనికి జవాబు ఒక పిల్లి మెదడులో దొరికింది. 1958లో హ్యూబెల్, వీజెల్ అనే ఇద్దరు మెదడు శాస్త్రవేత్తలు ఒక న్యూరాన్‌కి, అంటే ఒక మెదడు కణానికి, చుక్కలు చూపిస్తూ విసిగిపోయారు. అది ఉలకలేదు, పలకలేదు. ప్రొజెక్టర్లోకి గాజు స్లైడు తోస్తుంటే దాని అంచు నీడ తెర మీద సన్నటి గీతలా కదిలింది, న్యూరాన్ టపటపా మోగింది. ఈ కార్టెక్స్‌లో ఒక్కో కణాల గుంపుకి ఒక్కో వాలున్న గీతంటేనే ఇష్టం. పక్క గుంపుకి ఇంకాస్త వేరే వాలు. అల ముందంచు వాటిని వరసగా కెలికితే ఒక్కొక్కటీ తన గీత ఉందని కేకేస్తుంది. వేర్వేరు వాలుల గీతలు అతుక్కుని జిగ్‌జాగ్ అవుతాయని శాస్త్రవేత్తల వివరణ. 1981లో వాళ్లిద్దరూ నోబెల్ పంచుకున్నారు.

అల సంగతికొస్తే, 1944లో ఆరిస్టిడెస్ లెయావు అనే బ్రెజిల్ శాస్త్రవేత్త కుందేలు మెదడులో దాన్ని చూశాడు. నెమ్మదిగా పాకే అల, దాని వెనక కణాలన్నీ కాసేపు మూగబోవడం. వేగం ఇంచుమించు లాష్లీ చెప్పిందే. మనిషిలో స్పష్టంగా చూడటానికి 2001 దాకా ఆగాల్సివచ్చింది. బాస్కెట్‌బాల్ ఆడితే ఆరా వచ్చే ఒకాయన్ని ఆడించి, వెంటనే స్కానర్లో పడుకోబెట్టారు. నిమిషానికి 3.5 మిల్లీమీటర్లు. పుట్టింది మాత్రం పక్కనే ఉన్న వీ3ఏ అనే ప్రాంతంలో. అక్కడా ఇంకో మ్యాపు ఉంది.

మెరుపు వెనక వచ్చేది గుడ్డి ఖాళీ. పాఠకురాలి అక్షరాలు మాయమైంది అందులోనే. మాట్లాడుతున్న స్నేహితుడి ముఖానికి కాస్త కుడిపక్కకి చూస్తే అతని తల పోయిందని లాష్లీ రాశాడు. భుజాలూ టై ఉన్నాయి. తల ఉండాల్సిన చోట నల్లటి గుంట లేదు, వెనక గోడకాగితం మీది నిలువు చారలు టై దాకా దిగివచ్చాయి! మూగబోయిన కణాలు 'ఇక్కడేమీ లేదు' అని కూడా చెప్పవు. చుట్టుపక్కలవాళ్లు చెప్పినదాంతో మెదడు సర్దేస్తుంది. మామూలు రోజుల్లోనూ ఒక్కో కంటి అంధచుక్కలో పది పున్నమి చందమామలు వరసగా పట్టేంత చోటు పోతుంది, ఒక్కరోజూ మనకి లోటు తెలియదు.

ఆ గీతని సూటిగా చూద్దామంటే పక్కకి జరిగిపోతుంది. చూపు ఎటు తిప్పితే మ్యాపు మధ్యభాగం అటే కదా. కళ్లు కదపకుండా ధ్యాస మాత్రం పక్కకి పంపాలి. ఇలా పంపొచ్చని హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే చీకటి పెట్టెలో నిప్పురవ్వ వెలుతుర్లో అక్షరాలు చూసి తేల్చాడు. 1985లో మోరన్, డెసిమోన్ అనే శాస్త్రవేత్తలు కోతుల్లో ఇంకాస్త లోపలికి వెళ్లారు. ఒకే న్యూరాన్ ఎదుట రెండు గీతలు, ఒకటి దానికి నచ్చింది, రెండోది నచ్చనిది. కోతి కళ్లు కదపకుండా ధ్యాస నచ్చనిదాని మీద పెడితే, నచ్చిన గీత అక్కడే ఉన్నా ఆ న్యూరాన్ గొంతు బాగా తగ్గిపోయింది. 1999లో మనుషుల్ని స్కానర్లో పెట్టి చూస్తే ధ్యాస జరిగినకొద్దీ కార్టెక్స్ మ్యాపు మీద చురుకుదనం కూడా అదే దారిలో జరిగింది.

కాబట్టి పాఠకురాలికి ఒక పని చెబుతాను. ఈసారి ఆరా వస్తే, బండి నడుపుతుంటే పక్కన ఆపి, కాగితం మధ్యలో చుక్క పెట్టండి. కళ్లు ఆ చుక్క మీదే ఉంచి, ధ్యాస మాత్రం గీత అంచు మీద పెట్టి, అది ఎక్కడుందో నిమిషానికోసారి గుర్తు పెట్టి పక్కన టైం వెయ్యండి. లాష్లీ చేసింది ఇంచుమించు ఇదే. మొదటి గుర్తులు దగ్గరదగ్గరగా, చివరివి దూరదూరంగా పడాలి.