అపోహలు - వాస్తవాలు: బానెట్ మీద పేరు ఆయిల్ మార్చదు

మొన్న షెడ్డు మూసే వేళకి ఒక మాస్టారు బండిని తాడు కట్టించి లాక్కొచ్చారు. నేనింకా బానెట్ ఎత్తలేదు. "ఈ కంపెనీ బండికి ఇట్టా అవ్వడమేంటండీ, వీటికి ఇంజన్ పోదంటారు కదా" అన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో పాతికేళ్లుగా పానా పట్టుకుని బతుకుతున్నాను. ఈ మాట వినని వారం లేదు.

ఆయిల్ మూత తిప్పి చూపించాను. లోపలంతా తారులాంటి జిగురు. గోకితే గోరుకి అంటుకుంది. ఆయిల్ ఎప్పుడు మార్పించారని అడిగితే మాస్టారు వాళ్లావిడ వంక చూశారు. ఆవిడ ఆలోచించి, పెద్దమ్మాయి పెళ్లికి ముందు అన్నారు. ఆ అమ్మాయికిప్పుడు రెండేళ్ల బాబు. పాత సర్వీసు స్టిక్కర్‌కీ మీటర్‌కీ ముప్పై నాలుగు వేల కిలోమీటర్లు తేడా.

అపోహ: ఫలానా కంపెనీ ఇంజన్ రాయి, పట్టించుకోకపోయినా తిరుగుతుంది.

మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. నా షెడ్డులో ఇంజన్ దింపిన బండ్లలో సగానికి పైగా దీని పుణ్యమే.

1.3 లీటర్ల డీజిల్ ఇంజన్ సంగతే తీసుకోండి. 1248 సీసీ, ఫియట్ వాళ్ల డిజైన్. 2007లో స్విఫ్ట్ డీజిల్‌లో వచ్చింది. తర్వాత ఇండికా విస్టా, పుంటో, డిజైర్, ఎర్టిగా అన్నిట్లోనూ అదే. మారుతి డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది, ఫియట్ మల్టీజెట్ అంది. మారుతికి మానేసర్‌లో, మిగతా ఇద్దరికీ పుణె దగ్గర రంజన్‌గావ్‌లో తయారైంది. ట్యూనింగ్‌లో కొంత తేడా ఉంది, ఇంజన్ మాత్రం ఒకటే. కానీ టీ కొట్టు దగ్గర నిలబడి వినండి. ఒక పేరు చెబితే "రాయి", ఇంకో పేరు చెబితే "అమ్మో, దాని జోలికి పోకు". మారుతి బాలెనో, టయోటా గ్లాంజా సంగతీ అంతే. ఒకే బండికి రెండు బ్యాడ్జీలని తెలిసి కూడా ఏది గట్టిదని గంటసేపు వాదించుకున్న కుర్రాళ్లను చూశాను.

కంపెనీల మధ్య తేడా లేదని నేననను. స్పేర్లు మన ఊళ్లో దొరకడం, సర్వీస్ సెంటర్ దగ్గరుండటం, అమ్మేటప్పుడు వచ్చే రేటు, వీటిలో తేడా బోలెడు. కొనేటప్పుడు అవి చూడాలి కూడా. కొన్నాక మాత్రం ఇంజన్‌కి తెలిసేది ఆయిలే.

ఈ 1.3లో టైమింగ్ చైన్ ఉంటుంది, అంటే పిస్టన్లూ వాల్వులూ ఒకదానికొకటి తగలకుండా లయగా కదిలించే గొలుసు. చైన్ కదా, బెల్టులా మార్చక్కర్లేదు, జీవితాంతం వస్తుందని ప్రచారం. ఆ చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ పనిచేసేది ఆయిల్ ప్రెషర్ మీద. ఆయిల్ చెడితే చైన్ అరుగుతుంది, సాగుతుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే రెండు మూడు సెకన్లు గలగలమని సౌండ్ వస్తుంది చూడండి, చెప్పేది అదే. అప్పుడు తెస్తే చైన్ కిట్టుతో పోతుంది. "డీజిల్ బండి కదా, సౌండ్ ఉంటుందిలే" అనుకుంటే ఒకరోజు చైన్ పళ్లు దాటుతుంది. పిస్టన్ వెళ్లి వాల్వులను గుద్దుతుంది. వాల్వులను నొక్కే రాకర్లు విరుగుతాయి, ఇంజన్ పైభాగం, అదే హెడ్, దింపాలి.

మాస్టారి బండికి జరిగింది ఇదే. బిల్లు తొంభై వేలు దాటింది. ఈ మూడేళ్లలో మూడుసార్లు ఆయిలూ ఫిల్టరూ మార్పించినా పదిహేను వేలు అయ్యేది కాదు. ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు బావమరిది "దీనికి డీజిల్ పోస్తే చాలు బావా, ఇంకేం అడగదు" అన్నాడట. ఇంట్లో ఒకరికి కారు గురించి తెలుసు అని పేరుంటే చాలు, ఆ మాటే వేదం. ఏ కంపెనీ బండో చెప్పను. చెబితే రేపటినుంచి అది "పోయే ఇంజన్" అయిపోతుంది.

"నేను నెలకి మూడొందలు కూడా తిప్పను" అనేవాళ్లకి ఒక మాట. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో మూడు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే ఇంజన్ సరిగా వేడెక్కదు, లోపలి తేమ ఆరదు, ఆయిల్ ఇంకా త్వరగా పాడవుతుంది. చాలా బండ్ల పుస్తకాల్లో పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంటుంది. ఆ "ఏడాది" ఎవరికీ కనపడదు. ఇంకోటి, డీజిల్ బండిలో ఆయిల్ మార్చిన వారానికే నల్లబడితే కంగారుపడి ఫోన్ చేయకండి. ఇంజన్‌లో మసిని పట్టుకోవడమే ఆయిల్ పని.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

నైట్రోజన్ కొట్టిస్తే టైరు పేలదంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నెలకోసారి ప్రెషర్ చూపించుకోండి, చాలు.

ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోసినా ఒకటే అంటారు. కాదు. మన నీళ్లకి రేడియేటర్‌లో ఉప్పు పేరుకుంటుంది. మే నెలలో ఎండ 45 దాటిన రోజు వారధి మీద జామ్‌లో ఆగితే తెలుస్తుంది. టెంపరేచర్ సూది ఎరుపులోకి వెళ్తే పక్కకి తీసి ఆపండి, వేడి మీద మూత తిప్పకండి.

ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పోస్తే ఇంజన్ కాలిపోతుందని ఫార్వర్డ్ మెసేజ్. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కాస్త తగ్గుతుంది, నిజమే. పాత బండ్లలో రబ్బరు పైపులు, వాషర్లు చూపించుకోవాలి, అదీ నిజమే. కాలిపోవడం మాత్రం వట్టిది.

రేకు నొక్కితే లోపలికి పోతోంది కాబట్టి సేఫ్టీ లేదంటారు. దీనిమీద వాదించే ఓపిక నాకు లేదు.

ఒకటి మాత్రం ఆగి చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు వందల బండ్లు ఆటోనగర్ చేరాయి. నీళ్లు తియ్యగానే ఆత్రంకొద్దీ సెల్ఫ్ కొట్టినవాళ్ల ఇంజన్లలో పిస్టన్లను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్లు వంగాయి. గాలిని నొక్కినట్టు లోపల చేరిన నీటిని నొక్కడం పిస్టన్ వల్ల కాదు. ముట్టుకోకుండా లాక్కొచ్చినవాళ్లు చాలామంది ఆయిళ్లు, ఫిల్టర్లు, వైరింగ్ పనితో బయటపడ్డారు. ఏ కంపెనీ బండికీ మినహాయింపు దొరకలేదు.

ఆ బండ్లలో కొన్ని కడిగి, పాలిష్ కొట్టి చేతులు మారాయి. నిరుడు గుంటూరు నుంచి ఒక కుర్రాడు "మంచి కంపెనీ, సింగిల్ ఓనర్, రేటు కూడా తక్కువ అన్నా" అంటూ ఒకటి చూపించడానికి తెచ్చాడు. లోపల సీట్లు కొత్తవి, సెంటు వాసన గుప్పుమంటోంది. నేను బానెట్ ఎత్తలేదు. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాను. ఆఖరి మూరలో అడ్డంగా మట్టి గీత, దానికింద బెల్టు రంగే వేరు. స్టెప్నీ ఎత్తితే కింద గుంతలో ఎండిన ఒండ్రు. అప్పటికే ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చేశాడు, ఇంట్లో చెప్పలేదట. టీ తెప్పించాను, తాగలేదు. అమ్మినాయనకి నేనే ఫోన్ చేసి, బెల్టు ఫొటో పంపాను. పది వేలు వెనక్కి వచ్చాయి.