ఎర్రగుడి బండ దగ్గర అడిగిన ప్రశ్నకు

గుత్తి

చిరంజీవులు చిన్నికి, బాబుకు అవ్వ ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో ఎర్రగుడి బండ మీద అశోకుని శాసనం చూస్తూ చిన్ని అడిగింది కదా, "దీన్ని చదివినోళ్లు సింధు లోయ వాళ్ల రాత ఎందుకు చదవలేదవ్వా? వాళ్లు ఏ భాష మాట్లాడేవాళ్లు?" అని. బస్సు టైమవుతోందన్న టెన్షన్‌లో సరిగ్గా చెప్పలేదు. ఆ ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదల్లేదు.

లిపి వేరు, భాష వేరు. ఎర్రగుడిలోని బ్రాహ్మీ లిపి కూడా ఒకప్పుడు ఎవరికీ అర్థం కాలేదు. సాంచీ స్తూపం దగ్గర చిన్న చిన్న శాసనాలెన్నో ఒకే రెండక్షరాలతో ముగుస్తున్నాయని జేమ్స్ ప్రిన్సెప్ అనే ఇంగ్లీషు పండితుడు గమనించాడు. మన గుళ్లో ట్యూబులైటు ఇచ్చినవాళ్లు దాని మీద పేరు రాయిస్తారు చూడండి, ఇవీ అలాంటివేనని, చివరి మాట 'దానం' అయి ఉంటుందని ఊహించాడు. 1837లో చిక్కుముడి విడిపోయింది. లోపల ఉన్నది పండితులకు అంతో ఇంతో తెలిసిన ప్రాకృతం కాబట్టి సరిపోయింది.

సింధు లోయలో దొరికిన చిన్న చిన్న ముద్రల మీది రాతలో లిపీ తెలియదు, భాషా తెలియదు. అవి క్రీ.పూ. 2600 – 1900 నాటివి. ఒక్కోదాని మీద సగటున ఐదు గుర్తులే! ఐరావతం మహదేవన్ అనే లిపి పండితుడు 1977లో మొత్తం 417 గుర్తులని లెక్క తేల్చారు. మన అక్షరాలు యాభై చిల్లర. అన్ని గుర్తులున్నాయంటే కొన్నైనా ఒక్కొక్కటీ ఒక పూర్తి మాటకు నిలబడి ఉండాలి. అసలది రాతే కాదని 2004లో ముగ్గురు పండితులు వాదించారు. నాకు ఆ మాట మింగుడుపడదు. కొన్నిటి మీద ఎడమ చివర చోటు చాలక గుర్తుల్ని ఇరికించారు. అంటే కుడి నుంచి ఎడమకు వరసగా రాస్తూ వచ్చారన్న మాట. ఇంకొన్నిటి మీద రెండో వరస, మడక దున్నే ఎద్దు చాలు చివర మళ్లినట్టు, వెనక్కి తిరుగుతుంది. ఎర్రగుడిలో బాబు వేలు పెట్టి చూపించిన వరసలూ అలాగే తిరిగాయి, గుర్తుందా?

ఇక భాష. ముద్రల మీద చేప బొమ్మ పదే పదే వస్తుంది. తమిళంలో 'మీన్' అంటే చేప, నక్షత్రం కూడా. మనకూ మీను ఉంది, మినుకు మినుకుమనడం ఉంది. చేపను గీసి చుక్కను చెప్పారేమోనని ఫిన్లాండు పండితుడు అస్కో పర్పోలా అంటారు. పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో ఈనాటికీ బ్రాహుయీ మాట్లాడతారు. అది మన తెలుగుకు చుట్టం, కంటిని 'ఖన్' అంటారు. బ్రాహుయీ వాళ్లు అక్కడికి తర్వాతెప్పుడో వలస వెళ్లారనేవాళ్లూ ఉన్నారు. నా మనసు ద్రావిడ భాష వైపే మొగ్గుతుంది, కానీ రుజువు కాలేదు కాబట్టి పరీక్షలో అలా రాయకండి.

నాకు బాగా ఇష్టమైన ఆధారం ఇరాక్ వైపుది. నాలుగు వేల ఏళ్ల కిందటే అక్కడ షు-ఇలిషు అనే ఒకాయన సొంత ముద్ర చేయించుకున్నాడు. దాని మీద 'మెలుహ్హా భాష దుబాసి' అని ఉంది. మెలుహ్హా అంటే సింధు ప్రాంతమేనని చాలామంది పండితుల మాట. ఆ భాష నేర్చుకుని, దాంతోనే బతికిన మనిషి! ఆయన బేరాల కోసం రెండు భాషల్లో రాయించిన మట్టి పలక ఒక్కటి ఆ నేలలో ఎక్కడైనా మిగిలి ఉంటే చాలు, తెలిసిన భాషను పట్టుకుని తెలియనిదాన్ని చదవొచ్చు. రోజూ పేపరు తెరవగానే దాని కోసమే వెతుకుతున్నాను.

మీ
అవ్వ