ఓడల్లోంచి కందకాల్లోకి: 1945లో జర్మన్ నావికులు నేల మీద ఎందుకు పోరాడారు?

1945 ఏప్రిల్ రెండో వారం. ఉత్తర జర్మనీలో ఆలర్ నది ఒడ్డున రెథెమ్ అనే చిన్న ఊరు. బ్రిటిష్ 53వ వెల్ష్ డివిజన్ అక్కడ నది దాటాలని వచ్చింది. అప్పటికే జర్మన్ సైనికులు చాలాచోట్ల చేతులెత్తేస్తున్నారు. ఇక్కడ మాత్రం ఎదురుకాల్పులు ఆగలేదు. ఊరు చేజిక్కడానికి బ్రిటిష్ వాళ్లకు రోజులు పట్టింది. అంత మొండిగా అడ్డుపడ్డవాళ్లు నావికులు, 2వ మెరైన్ పదాతి డివిజన్ వాళ్లు.

పేరులో మెరైన్ ఉంది కదా అని ఆరితేరిన కమాండోలు అనుకోకండి. ఓడల్లో, రేవుల్లో, శిక్షణ కేంద్రాల్లో పనిలేకుండా మిగిలిపోయిన కుర్రాళ్లే ఎక్కువ. రైఫిళ్లు, ట్యాంకుల మీద చేత్తో పట్టుకుని పేల్చే పాంజర్‌ఫౌస్ట్‌లు ఇచ్చి పంపారు. నాయకుడు వైస్ అడ్మిరల్ ఎర్న్‌స్ట్ షాయర్లెన్ ఏప్రిల్ 8నే చనిపోయాడు. ఒక రెజిమెంటును నడిపిన వెర్నర్ హార్ట్‌మన్ అసలు జలాంతర్గామి కెప్టెన్! పట్టుబడ్డ వెల్ష్ సైనికుల్ని ఈ నావికులు కాల్చి చంపారని ఒక వదంతి కూడా పాకింది. అది నిజం కాదని తర్వాత తేలింది.

ఓడలకు ఇంధనం లేదు, సైన్యానికి మనుషులు లేరు. అందుకే 1945 మొదట్లో తూర్పున ఓడర్ నది దగ్గర 1వ మెరైన్ డివిజన్, ఆ తర్వాత ఉత్తర కొసన ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో 2వ డివిజన్ పుట్టాయి. పైకి కనిపించే కారణం ఇదే. నా లెక్కలో అసలు సంగతి 1918లో ఉంది. ఆ అక్టోబరు చివర్లో, ఓడిపోయిన మొదటి ప్రపంచ యుద్ధంలో ఆఖరి దాడికి ఓడలు తీయమంటే నావికులు మొండికేశారు. నవంబరులో కీల్ రేవులో తిరుగుబాటు లేచింది, కొద్ది రోజుల్లో చక్రవర్తి గద్దె దిగాడు. నౌకాదళ అధికారులకు అది తీరని తలవంపు. 1943 జనవరిలో నౌకాదళాధిపతి అయిన కార్ల్ డోనిట్జ్‌కి ఆ మచ్చ మళ్లీ పడకూడదన్న పంతం. అందుకే తన నావికుల్ని నేల మీది పోరుకైనా పంపాడు. సైన్యాధికారుల్ని నమ్మని హిట్లర్‌కి ఈ విధేయత బాగా నచ్చింది. 1945 ఏప్రిల్ 30న చనిపోయే ముందు తన వారసుడిగా డోనిట్జ్ పేరే రాసిపెట్టాడు.

ఆ పంతానికి ప్రాణాలతో మూల్యం చెల్లించింది మాత్రం కింది నావికులే, అదీ యుద్ధరంగంలోనే కాదు. మే 4న డోనిట్జ్ ప్రతినిధులు వాయవ్య జర్మనీలోని బలగాలన్నీ లొంగిపోతున్నట్టు సంతకం చేశారు. ఇక యుద్ధం అయిపోయింది కదా అని ముగ్గురు యువ నావికులు దళం వదిలి ఇంటి దారి పట్టారు. నౌకాదళ కోర్టు వాళ్లను పారిపోయినవాళ్ల కింద లెక్కగట్టి మరణశిక్ష వేసింది. మే 10న, అంటే జర్మనీ మొత్తం లొంగిపోయిన రెండు రోజులకు, బ్యూయా అనే ఓడ మీద ముగ్గుర్నీ కాల్చి చంపారు.