అటక మీది ఆవకాయ జాడీ

చిరంజీవులు చిన్నికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

పోయిన సంక్రాంతికి రెండో పంట దాళ్వాకు ఆఖరి దమ్ములో డి.ఎ.పి. అనే భాస్వరం ఎరువు చల్లిస్తుంటే, "ఇదంతా వరి తినేస్తుందా తాతయ్యా?" అని బుజ్జిగాడు అడిగాడు. పని హడావిడిలో "ఆఁ, తినేస్తుంది" అనేశాను. తప్పు చెప్పాన్రా. బస్తాలోని భాస్వరంలో ఆ పంటకు అందేది చాలాసార్లు నాలుగో వంతు కూడా ఉండదు. మిగతాది నేలను బట్టి సున్నంతోనో ఇనుముతోనో ముడిపడి అక్కడే ఉండిపోతుంది.

నత్రజని నీళ్లలో కరిగి వేరు దగ్గరికే వస్తుంది, పంక్తిలో వడ్డనలాగా. భాస్వరం అటక మీది ఆవకాయ జాడీ. అది దిగిరాదు, మనమే ఎక్కి అందుకోవాలి. వరికి ఎక్కడమంటే వేరు సాగడమే. అదీ లేత వయసులోనే జరగాలి, లేకపోతే పిలకలు పెట్టదు.

కసలత్ అని మన దేశపు పాత వరి ఒకటుంది. భాస్వరం తక్కువ నేలలోనూ అది తట్టుకుంటుంది. జపాన్‌లో దాన్ని నిప్పన్‌బారే అనే రకంతో కలిపి చూస్తే, ఆ గుట్టు 12వ క్రోమోజోమ్‌లో ఉందని తేలింది. 2012లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు, సహచరులతో కలిసి ఆ జన్యువునే పట్టుకున్నారు. పేరు పీస్టాల్-1. అది ఉన్న మొక్కకు చిన్నప్పుడే వేళ్లు గుబురుగా వస్తాయి. తమాషా ఏమిటంటే నిప్పన్‌బారేలో ఆ జన్యువే లేదు. పేరుమోసిన వరి రకం ఐ.ఆర్.-64లోనూ లేదు. ఎరువు దండిగా వేసిన మళ్లలోనే కొత్త రకాలు ఎంచుతూ పోతే, వెతుక్కుని తినే వేరు అవసరం ఎవరికి గుర్తుంటుంది? ఇది నా ఊహేలే.

ఇప్పుడు ఐ.ఆర్.-64ను కసలత్‌తో సంకరం చేసి, ఆ పిల్లలను మళ్లీ మళ్లీ ఐ.ఆర్.-64తోనే కలిపి, జన్యువు వచ్చిందో లేదో నారు దశలోనే ఆకు ముక్కతో పరీక్షించి ఏరుతున్నారు. మన రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థలో అయితే ఏళ్ల తరబడి భాస్వరం వేయని మడి ఒకటి అట్టేపెట్టి, దాంట్లో రకాలను పరీక్షిస్తారు. అంత పెద్ద సంస్థలో ఓ మడిని కావాలనే పస్తు పెట్టడం నాకు భలే నచ్చింది.

అలాగని ఎరువు పూర్తిగా మానేయమని కాదు. గింజతో పాటు బయటికి పోయిన భాస్వరాన్ని మళ్లీ నేలకివ్వాల్సిందే. జాడీ ఖాళీ అయ్యాక ఎంత ఎక్కితే ఏం లాభం!

ఈసారి వచ్చేటప్పుడు పొడుగు స్కేలు తెచ్చుకోండి. రెండు దుబ్బులు పీకి, వేళ్లు కడిగి, అరుగు మీద పరిచి కొలుద్దాం. నానమ్మ అరుగు పాడుచేశారని అరుస్తుంది, అది నేను చూసుకుంటా.

మీ తాతయ్య