పాఠం వింటే పోని భయం

పర్లాకిమిడి నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది: “మా హాస్టల్లో ఒకమ్మాయి డిప్రెషన్‌కి మందులు వాడుతోందని బయటపడగానే ఆమె రూమ్మేట్ గది మార్పించుకుంది. మేం కొందరం కలిసి అవగాహన సదస్సు పెట్టిద్దామనుకుంటున్నాం. దానివల్ల ఏమైనా మారుతుందా?”

కొంత మారుతుంది. గది మార్చుకున్న అమ్మాయి మళ్లీ ఆ గదికి వచ్చేంతగా మాత్రం మారదు. ఎందుకు మారదన్నది సామాజిక మనస్తత్వశాస్త్రంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకున్న విషయం. అందుకే డిప్రెషన్ అంటే ఏమిటి, లక్షణాలేమిటి అన్న సంగతుల జోలికి పోకుండా నేరుగా అందులోకే వెళ్తాను.

చిన్నచూపును కొలవడానికి ఇప్పటికీ వాడుతున్న ప్రశ్నలకు మూలం ‘సామాజిక దూరం’ కొలబద్ద. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఎమొరీ బొగార్డస్ దాన్ని 1925లో జాతుల మధ్య ఎడం కొలవడానికి తయారుచేశాడు. మానసిక జబ్బుల విషయంలో ఆ ప్రశ్నలు ఇలా ఉంటాయి: ఈ జబ్బు ఉన్న మనిషి మీ పక్కింట్లో ఉంటే ఫరవాలేదా? మీతో కలిసి పనిచేస్తే? మీ ఇంటి సంబంధం చేసుకుంటే? పరీక్షలో డిప్రెషన్ లక్షణాలన్నీ రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్ల కూడా మూడో ప్రశ్న దగ్గర ‘వద్దు’ అనవచ్చు. తెలియడం వేరు, దగ్గరికి రానివ్వడం వేరు.

2012లో అమెరికన్ మనస్తత్వవేత్త పాట్రిక్ కారిగన్ బృందం 14 దేశాల్లో 38 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనాలను కలిపి లెక్కగట్టింది. పెద్దవాళ్లలో పాఠాల కంటే, జబ్బు నుంచి తేరుకున్న మనిషిని కలవడమే ఎక్కువ పనిచేసింది. అది కూడా వీడియోలో చూసినప్పటి కంటే ఎదురుగా కూర్చుని మాట్లాడినప్పుడు. బడి వయసు పిల్లల్లో మాత్రం పాఠానిదే పైచేయి. కాలేజీవాళ్లు ఇప్పుడిప్పుడే పెద్దవాళ్లలోకి అడుగుపెడుతున్నవాళ్లు, పైగా మానసిక జబ్బుల్లో ఎక్కువ భాగం చిన్న వయసులోనే మొదలవుతాయి. కాబట్టి నా ఓటు పరిచయానికే.

పరిచయం లోపల ఏం చేస్తుంది? ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో ఉన్న మనకు ఇది చెప్పకుండానే తెలియాలి. ఇచ్ఛాపురం దాటి బరంపురం హాస్టల్లో చేరిన తెలుగు పిల్లవాడికి మొదటి వారమంతా ఒడియా రూమ్మేటంటే బెరుకే. ఒడిశా చరిత్ర మీద ఉపన్యాసం విన్నంత మాత్రాన ఆ బెరుకు పోదు. ఇద్దరికీ ఒకే ఫీజు, ఒకే మెస్సు. ఇద్దరూ ఒకే ల్యాబ్ రికార్డుతో కుస్తీ పడతారు. కరెంటు పోతే కలిసి వార్డెన్ దగ్గరికి వెళ్తారు. వేసవికల్లా అతని పఖాళ, ఇతని చద్దన్నం ఒకే కంచంలోకి వస్తాయి. ఇలాంటి పరిచయం ఫలించడానికి నాలుగు షరతులు కావాలని అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు: సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పోటీ కాకుండా సహకారం, పైవాళ్ల మద్దతు. హాస్టల్ గదిలో నాలుగూ వాటంతట అవే కుదురుతాయి. అదే కుర్రాడికి ఒడియా మనిషి బస్టాండులో టికెట్ దగ్గర గొడవపడ్డవాడుగా మాత్రమే తగిలితే బెరుకు ఇంకా గట్టిపడుతుంది. పరిచయం అయినంత మాత్రాన చాలదు, ఎలా అయిందన్నదే ముఖ్యం.

2008లో సామాజిక మనస్తత్వవేత్తలు థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ ఇంకాస్త లోతుకు వెళ్లారు. పరిచయానికీ దురభిప్రాయం తగ్గడానికీ మధ్య మూడు దారులను పోల్చి చూశారు: అవతలివాళ్ల గురించి తెలియడం, వాళ్లతో ఉన్నప్పుడు కలిగే ఆందోళన తగ్గడం, వాళ్ల కష్టం మనదిగా అనిపించడం. మూడింట్లో బలహీనమైనది మొదటిదే. మన సదస్సులన్నీ నడిచేది ఆ దారిలోనే! ప్రపంచ మానసిక ఆరోగ్య దినమైన అక్టోబరు 10న ర్యాలీ తీసి, పోస్టర్ల పోటీ పెట్టి, బహుమతులిచ్చి ఇళ్లకు వెళ్లిపోతే మిగతా రెండు దారులూ తెరుచుకోనే లేదన్నమాట.

ఇక్కడ ఉపాధ్యాయులకు ఒక మాట. “ఇది షుగర్ లాంటిదే, మెదడులో రసాయనాల తేడా, అంతే” అని చెబితే చిన్నచూపు పోతుందని చాలామంది నమ్ముతారు. 2013లో మనస్తత్వ పరిశోధకులు క్వాలె, హాస్లం బృందం ఈ విషయంపై జరిగిన పరిశోధనలను కలిపి చూస్తే, జీవరసాయన వివరణ రోగి మీద నిందను తగ్గించింది, కానీ ‘ఇది ఇక తగ్గదు’ అన్న నిరాశను పెంచింది. మన ఊళ్లలో గుణియా (భూతవైద్యుడు) చెప్పే ‘గాలి సోకింది’ కూడా ఇలాంటి పనే చేస్తుందనిపిస్తుంది నాకు. తప్పు మనిషిది కాదు, గాలిది. కానీ గాలి సోకిన మనిషి పక్కన ఎవరు పడుకుంటారు? పైగా తాయెత్తులతో నెలలు గడిచి వైద్యం ఆలస్యమవుతుంది. కారణం చెప్పడంతో ఆపకండి. చాలామంది కోలుకుంటారని, ఎలా కోలుకుంటారో కూడా చెప్పండి.

మరి జబ్బు నుంచి తేరుకున్నవాళ్లలో ఎవరిని పిలవాలి? సినిమా తారను, ర్యాంకు తెచ్చుకున్నవాణ్ని వద్దంటాను. మనసు అలాంటివాళ్లను ‘వాళ్ల సంగతి వేరు’ అని పక్కన పెట్టేసి పాత అభిప్రాయాన్ని భద్రంగా దాచుకుంటుంది. మీలాగే ఒక బ్యాక్‌లాగ్ ఉండి, మీలాగే గుణుపురం బస్సుకోసం నిలబడే సీనియర్ అయితే అలా పక్కన పెట్టడం కష్టం. పదిహేను నిమిషాలు తన కథ, ఆ తర్వాత అంతకు రెట్టింపు సమయం ప్రశ్నలకు. ప్రిన్సిపాల్ దీపం వెలిగించి వెళ్లిపోకుండా చివరిదాకా కూర్చోవాలి, నాలుగో షరతు అదే. ఒక్కసారితో వదలకూడదు. వీలైతే ఏడాది పొడవునా ఆ సీనియర్‌తో కలిసి ఏదో ఒక పని చేయాలి, అది పత్రిక కావచ్చు, రక్తదాన శిబిరం కావచ్చు.

వచ్చే సీనియర్ తనంతట తానే ముందుకు రావాలి. మీ హాస్టల్ అమ్మాయిని మాత్రం దీనికోసం అడగొద్దు. ఆమె సంగతి ఇప్పటికే ఆమె అనుమతి లేకుండా బయటపడింది. ఆమెకు కావాల్సింది మెస్సులో పక్కన కూర్చునే ఇద్దరు ముగ్గురు. కాలేజీ కౌన్సెలర్‌తో ఒడియాలో మనసు విప్పి మాట్లాడలేకపోతే 14416 టెలి మానస్ నంబరు ఉంది. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవలో రాత్రీపగలూ తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆ నంబరును నోటీసుబోర్డు మీద తెలుగులో, ఒడియాలో రాసి పెట్టించండి.