సంక్రాంతి సెలవులకు పని, క్లాసుకు కానుక

చిన్నారులందరికీ ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో తలా ఒక ప్రాజెక్టు చేయాలనీ, బడి తెరిచాక క్లాసుకు ఏదైనా కానుక తీసుకురావాలనీ మీ టీచర్ చెప్పారట. ఏం చేస్తే బాగుంటుందో తాతయ్యను అడగమని మా మనవరాలితో కబురంపారు. చాలాకాలం చిన్న తరగతులకు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి ఈ విషయంలో నాకు కొన్ని పట్టుదలలున్నాయి. ముందు అవి చెప్పేసి పనిలోకి వస్తాను.

ప్రాజెక్టు అనగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. షాపుకు వెళ్ళి థర్మోకోల్ షీటు, మెరుపుల పొడి, రంగు కాగితాలు కొంటారు. నెట్ సెంటర్లో బొమ్మలు ప్రింటు తీయిస్తారు. సెలవుల ఆఖరి రాత్రి నాన్న కత్తిరిస్తుంటే అమ్మ అంటిస్తుంది, మీరేమో హాయిగా నిద్రపోతారు. పొద్దున దాన్ని ఆటోలో నలగకుండా తెచ్చి టీచర్ బల్ల మీద పెడతారు. మార్కులు వేశాక అది బీరువా మీదికి ఎక్కుతుంది. వేసవి సెలవుల ముందు బూజు దులిపేటప్పుడు చెత్తలోకి పోతుంది. థర్మోకోల్ మట్టిలో కుళ్ళదు కూడా.

అందుకని ఏ పని మొదలుపెట్టినా ముందు ఒక్కటి అడగండి: బడి తెరిచాక క్లాసులో దీంతో ఏం చేస్తాం? జవాబు ఉంటే చేయండి. లేకపోతే ఆ సమయానికి గాలిపటం ఎగరేసుకోండి, అది నయం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది నీడ కొలిచే పని. పైసా ఖర్చు లేదు. సెలవుల్లో మీలో కొందరు అమ్మమ్మగారి ఊరికి, కొందరు నాయనమ్మగారి ఊరికి వెళతారు కదా, ఈ పనికి అదే కావాలి.

మీటరు పొడవు కర్ర ఒకటి తీసుకోండి. పొడవు చూడ్డానికి బట్టలు కుట్టేవాళ్ళ టేపు సరిపోతుంది. రోజంతా ఎండ పడే చదునైన చోట కర్రను నిలువుగా పాతండి. నేల మీద కనిపించే భాగమే సరిగ్గా మీటరు ఉండాలి. నిలువుగా ఉందో లేదో చూడ్డానికి దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీయండి. మధ్యాహ్నం పన్నెండుకు మొదలుపెట్టి పన్నెండూ నలభై దాకా ఐదేసి నిమిషాలకోసారి నీడ కొస దగ్గర చిన్న రాయి పెట్టండి. అన్నిటికన్నా పొట్టి నీడను కొలిచి, తేదీ వేసి, ఊరి పేరు రాసుకోండి. ఆ పొట్టి నీడ చూపించే దిక్కే ఉత్తరం, కర్ర దగ్గర నుంచి నీడ కొస వైపు. గడియారంలో సరిగ్గా పన్నెండుకే నీడ ఎందుకు పొట్టిగా ఉండదని పెద్ద క్లాసులో అడగండి, సరదా చర్చ అవుతుంది.

రోజూ కొలిస్తే వారం రోజుల్లో నీడ మూడు సెంటీమీటర్ల పైనే తగ్గుతుంది. ఉత్తరాయణం అంటే సూర్యుడు ఉత్తరం వైపు జరగడం అని ఇంట్లో వినే ఉంటారు. ఆ జరగడం మీ టేపు మీద కనిపిస్తుంది. ఇంకో సంగతి. నీడ తగ్గడం పండగ రోజున మొదలవదు. డిసెంబరు 21, 22 తేదీల్లోనే మొదలై, సంక్రాంతి నాటికి మూడు వారాలు దాటిపోతుంది. సుమారు 1,700 ఏళ్ళ కిందట ఆ రెండూ ఒకేసారి వచ్చేవి. బొంగరంలా తిరిగే భూమి అక్షం చాలా మెల్లగా పక్కకు జరుగుతుంటుంది కాబట్టి మన పండగ తేదీ, ఆకాశంలో సూర్యుడి మలుపు విడిపోయాయి. డెబ్బై ఏళ్ళకు ఒక రోజు చొప్పున తేడా వస్తుందని లెక్క.

ఇప్పుడు అసలు రుచి. సంక్రాంతి రోజున మీటరు కర్రకు శ్రీకాకుళంలో పొట్టి నీడ 83 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. చిత్తూరులో 69 దగ్గర. అదే రోజు, అదే కర్ర, అదే సూర్యుడు. చిత్తూరు దక్షిణంగా ఉంది, జనవరిలో సూర్యుడు కూడా దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి అక్కడివాళ్ళకు ఇంకాస్త నెత్తి మీదికి వస్తాడు. బడి తెరిచాక మీ క్లాసు గోడ మీద రెండు రాష్ట్రాల పటం పెట్టి, ఎవరు ఏ ఊళ్ళో కొలిచారో ఆ ఊరి దగ్గర వాళ్ళ సంక్రాంతి రోజు కొలత రాయండి. ఉత్తరం నుంచి దక్షిణానికి అంకెలు తగ్గుతూ కనబడతాయి. ఎవరిదైనా తేడాగా ఉంటే వాళ్ళ కర్ర వంగి ఉంటుంది, లేదా వాళ్ళు అన్నం తింటూ టైము మరిచిపోయి ఉంటారు. ఈ పటం ఒక్కరివల్ల కాదు, క్లాసంతా తలా ఒక అంకె తెస్తేనే నిండుతుంది.

ముగ్గులు ఆడపిల్లల పని అని అబ్బాయిలు ఈ భాగం దాటేయకండి. ఇందులో ఎక్కాలున్నాయి. ధనుర్మాసం పొడుగునా మీ వీధిలో అమ్మలు, అక్కలు 'ఏడు చుక్కలు, సందుచుక్క, నాలుగు దాకా' అనుకుంటూ చుక్కలు పెడతారు. అంటే మధ్య వరుసలో ఏడు, దానికి పైనా కిందా చుక్కల సందుల్లో ఆరేసి, తర్వాత ఐదేసి, చివర నాలుగేసి. అన్నీ కూడితే 37. ఇప్పుడు మధ్య చుక్క మీద వేలు పెట్టండి. దాని చుట్టూ 6 చుక్కలు. వాటి చుట్టూ 12. ఆపైన 18. ఆరో ఎక్కం! అదే తొమ్మిది చుక్కలు ఐదు దాకా పెడితే ఇంకో చుట్టు వస్తుంది, అందులో 24 చుక్కలు, మొత్తం 61. పదకొండు చుక్కలు ఆరు దాకా పెడితే ఎన్నో పెట్టకముందే చెప్పండి. మీ అమ్మమ్మ ఇవన్నీ కూడుకుంటూ కూర్చోదు, ఆవిడ చేతికే లెక్క తెలుసు.

రోజుకో ముగ్గు చుక్కలతో సహా నోటుబుక్కులో దింపుకుని, కింద ఎవరు నేర్పారో రాయండి. 'మా మేనత్త నేర్పింది' అని చాలు. అందరి కాగితాలూ కలిపి కుడితే క్లాసుకు ముగ్గుల పుస్తకం. పొడుపుకథలు కూడా ఇలాగే పోగు చేయొచ్చు. 'కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు' లాంటివి తలా మూడు తెస్తే చాలు, మధ్యాహ్న భోజనం లైన్లో నిలబడి విప్పుకోవచ్చు. జవాబులు పుస్తకం వెనక, తలకిందులుగా రాయండి.

కాగితాలు అంటించడానికి జిగురు కొనక్కర్లేదు. చింతగింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా పొడి కొట్టి నీళ్ళలో ఉడికిస్తే చిక్కటి జిగురవుతుంది. పొయ్యి దగ్గర పని పెద్దవాళ్ళది, కలుపుతూ చూడ్డం మీది. కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళు తెల్ల పొణికి కర్రతో చేతులు, కాళ్ళు, తల వేరువేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతోనే అతుకుతారు. రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే కాచుకోండి, నిలవుంటే వాసన వస్తుంది.

ఇక కానుకలు. దీనికి నాదొక నియమం ఉంది: కొనకూడదు. కొనడం మొదలైతే ఎవరిది ఎంత ఖరీదు అన్న మాట వస్తుంది. ఒకడు రిమోట్ కారు తెస్తాడు, ఇంకొకడు ఐదు రూపాయల పెన్ను పట్టుకుని దాన్ని బ్యాగులోంచి తీయడానికి కూడా సిగ్గుపడతాడు. అలాంటి ముఖాలు నేను చూశాను, మీ క్లాసులో వద్దు. చేతితో చేసినవాటికి ధర చీటీ ఉండదు. ఇష్టమైతే అందరి పేర్లూ చీటీల మీద రాసి డబ్బాలో వేసి తీయండి. ఎవరి పేరు వస్తే వాళ్ళకు ఒక ఉత్తరం రాసివ్వండి, క్లాసుకు మాత్రం అందరూ కలిసి కానుకలివ్వండి.

ఆ ఉత్తరాన్ని మాయాఉత్తరంగా రాయొచ్చు. తెల్ల చొక్కా మీద పప్పుచారు మరక పడితే, సబ్బు తగలగానే ఎర్రగా మారడం చూసే ఉంటారు. పప్పుచారులో ఉన్న పసుపు చేసే పని అది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పెళ్ళిళ్ళలో కాళ్ళకు రాసే పారాణి కూడా పసుపులో సున్నం కలిపి చేసేదే. మీరు సున్నం జోలికి పోకండి, కంట్లో పడితే ప్రమాదం. వంటసోడాను కాసిని నీళ్ళలో కలిపి, అగ్గిపుల్లకు దూది చుట్టి దాంతో తెల్ల డ్రాయింగు కాగితం మీద రాయండి. ఆరాక ఏమీ కనిపించదు. అందుకున్నవాళ్ళు పసుపు నీళ్ళలో ముంచిన దూదితో మెల్లగా అద్దితే పసుపు మీద ఎర్రెర్రగా అక్షరాలు తేలతాయి. పసుపు నీళ్ళలో సరిగా కరగదు, అడుక్కి చేరుతుంది, కలుపుతూ ఉండాలి. నిమ్మరసం చుక్క వేస్తే ఎరుపు మళ్ళీ పసుపవుతుంది. రెండు మూడు మాటలే రాయండి. 'నీ చేతిరాత బాగుంటుంది', 'ఆ రోజు పెన్సిలు ఇచ్చావు, థాంక్స్' లాంటివి. దాచి పెట్టి చదివేవి పొడుగ్గా ఉండకూడదు.

క్లాసుకు ఇచ్చేవాటిలో చింతగింజలకే నా ఓటు. అవును, మళ్ళీ అవే! వంద గింజలు కడిగి ఆరబెట్టి, పదేసి చొప్పున పాతగుడ్డతో కుట్టిన చిన్న సంచుల్లో వేస్తే ఒకటో తరగతి పిల్లలకు పదులు, ఒకట్లు నేర్పే పెట్టె తయారు. ఇంకో నాలుగు గింజలు తీసుకుని ఒక పక్క బండ మీద తెల్లగా కనబడేదాకా అరగదీయండి. అవే పందెపు గవ్వలు. పాత చీర ముక్క మీద ఐదు అడ్డంగా, ఐదు నిలువుగా ఇరవై ఐదు గళ్ళు రంగు దారంతో కుడితే అష్టాచెమ్మా బట్ట. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే ఎనిమిది. వానాకాలంలో ఆటస్థలం బురదయినప్పుడు ఈ బట్ట విలువ తెలుస్తుంది. గింజలు మాత్రం సీసాలో పెట్టి మూతేయండి, చిన్నపిల్లలు ముక్కులో పెట్టుకుంటారు.

పొలం ఉన్నవాళ్ళు తాతనో మామయ్యనో బతిమాలి వరికంకుల కుచ్చు అల్లించుకోండి. అల్లిక కాస్త కష్టం, మీ చేత కాకపోవచ్చు, కంకులు అందిస్తూ కూర్చుంటే చాలు. బడి వరండాలో వేలాడదీస్తే పిచ్చుకలు వస్తాయి. రోజూ ఎన్ని వచ్చాయో లెక్క రాయడానికి ఒకరిని పెట్టుకోండి. అల్లరి చేసేవాడికే ఆ పని ఇమ్మని టీచర్‌కు నా మాటగా చెప్పండి.

టీచర్‌కు విడిగా ఏం ఇవ్వాలని అడిగారు. పెన్నులు, ఫొటో ఫ్రేములు వద్దు, సొరుగు నిండా ఉంటాయి. పాత తువ్వాలు నాలుగు మడతలు వేసి, అంచులు కుట్టి, పట్టుకోవడానికి పైన ఒక పట్టీ పెట్టి బోర్డు తుడిచే డస్టరు చేయండి. మాకు డస్టరు ఎప్పుడూ దొరికేది కాదు.

ఇంత చెప్పినా ఏదైనా కొనాల్సిందే అని ఇంట్లోవాళ్ళు పట్టుబడితే, నలుగురు కలిసి ఒక ఏటికొప్పాక బొంగరం కొనండి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది ఆ ఊరు. అంకుడు కర్రను తిప్పుతూ చెక్కి, గింజలు, బెరళ్ళు, వేర్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కను ఆ తిరుగుడు మీదే పట్టిస్తారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ఊరి బొమ్మలకే చెల్లే హక్కు, వచ్చింది. భూమి అక్షం పక్కకు జరగడం గురించి పైన చెప్పాను కదా, వేగం తగ్గిన బొంగరం తల ఎలా తిరుగుతుందో చూపిస్తే టీచర్‌కు ఆ పాఠం చెప్పడం తేలికవుతుంది.

గాలిపటాల వాళ్ళకు ఒక్క మాట. నూలు దారమే వాడండి. నైలాన్ మాంజా పక్షుల రెక్కల్నీ, బండి మీద వెళ్ళేవాళ్ళ మెడల్నీ కోస్తుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దాన్ని నిషేధించింది, అయినా దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు. అన్నయ్యలు కొనుక్కొస్తే మీరు ఒప్పుకోకండి.

నీడ కొలతలు మాత్రం నాకు కూడా రాసి పంపండి. ఊరి పేరు, తేదీ తప్పకుండా ఉండాలి. మబ్బు పట్టిన రోజున 'మబ్బు' అనే రాయండి, పక్కవాడి అంకె చూసి వేయొద్దు. ఈ ఏడు నేనూ మా పెరట్లో కర్ర పాతుతున్నాను.

ఇట్లు,
మీ తాతయ్య